సున్నా సరిగ్గా కలిసిందా?

పిల్లలూ! ఒక తెల్ల కాగితం, పెన్సిలు తీసుకోండి. చెయ్యి ఎత్తకుండా ఒక పెద్ద సున్నా చుట్టండి. చుట్టారా? మరి మొదలుపెట్టిన చోటికే వచ్చి ఆగారా?

"ఆగాం, ఇదిగో చూడండి" అంటారు మీరు. ఇప్పుడు భూతద్దం తెచ్చి, గీత మొదలైన చోటును జాగ్రత్తగా పరిశీలించండి. చాలామంది సున్నాల్లో అక్కడ వెంట్రుకవాసి సందు కనిపిస్తుంది. కొందరి గీత మొదటి బిందువును దాటి కొంచెం ముందుకు పోయి ఉంటుంది. సరిగ్గా బయలుదేరిన బిందువు మీదే ఆగిన సున్నా పదింటిలో ఒకటి ఉంటే గొప్ప.

అయితే ఏమైంది? లెక్కల మాస్టారు మీ 10ని 10గానే చదువుతారు, మార్కులేమీ తగ్గించరు. ఎందుకంటే మన కన్ను చాలా ఉదారమైనది. చిన్న సందు కనబడితే తనే పూడ్చుకుని "ఇది సున్నా" అని నిర్ణయించేస్తుంది. పండుగనాడు వాకిట్లో అమ్మ వేసిన మెలికల ముగ్గు చూడండి. పిండి ఒకచోట కాస్త పలచబడినా, చుక్కల చుట్టూ తిరిగిన గీత ఎక్కడా తెగినట్టు మనకు తోచదు.

కంప్యూటరుకు ఈ ఉదారత లేదు. దానికి గీత కలిసిందంటే కలిసింది, లేదంటే లేదు. ఇళ్ల ప్లానులు, యంత్రాల భాగాలు, పేరు పలకలు, బొమ్మలు ఈ రోజుల్లో కంప్యూటరు మీదే గీస్తున్నారు. ఇలా గీయడాన్ని క్యాడ్ అంటారు. అంటే కంప్యూటరు సాయంతో రూపకల్పన చేయడం. ఈ పని కొత్తగా నేర్చుకునే వారికి మొట్టమొదట ఎదురయ్యే చిక్కుల్లో ఒకటి ఇదే: "గీత మూసుకోలేదు." కంటికి కనిపించనంత చిన్న సందుకు కంప్యూటరు ఇంత పట్టుదల ఎందుకు పడుతుంది? ఆ సంగతి ఈసారి తెలుసుకుందాం.

లోపల, బయట

మీ లెక్కల పుస్తకంలో సంవృత వక్రం అనే మాట ఉంటుంది. బయలుదేరిన చోటికే తిరిగి వచ్చి మూసుకునే గీత సంవృత వక్రం. అలా మూసుకోనిది వివృత వక్రం. తనను తాను ఎక్కడా ఖండించుకోకుండా మూసుకుంటే దాన్ని సరళ సంవృత వక్రం అంటారు.

సరళ సంవృత వక్రానికి ఒక గొప్ప గుణం ఉంది. అది కాగితాన్ని రెండు ముక్కలుగా విడదీస్తుంది. ఒకటి లోపలి భాగం, రెండోది బయటి భాగం. లోపల ఉన్న చీమ గీత దాటకుండా బయటికి రాలేదు. బయటి చీమ గీత దాటకుండా లోపలికి పోలేదు.

"ఇందులో వింతేముంది? చూస్తేనే తెలుస్తోంది కదా!" అనుకుంటున్నారా? గణితజ్ఞులకు చూస్తే చాలదు, నిరూపణ కావాలి. ఫ్రెంచి గణితజ్ఞుడు కామీ జోర్డాన్ 1887లో ఈ విషయాన్ని సిద్ధాంతంగా చెప్పి నిరూపణ ఇచ్చాడు. ఆ నిరూపణ చాలదని కొందరు వాదించారు. 1905లో అమెరికా గణితజ్ఞుడు ఆస్వాల్డ్ వెబ్లెన్ మరో నిరూపణ చేశాడు. పసిపిల్లవాడికి కూడా తెలిసినట్టుండే ఈ మాట కోసం పెద్ద పెద్ద గణితజ్ఞులు ఇంత శ్రమపడ్డారు.

వక్రం మూసుకోకపోతే? అప్పుడు లోపల అనేదే లేదు. దొడ్డి కంచెకు ఒక్కచోట గండి పడితే మేకలకు అది దొడ్డే కాదు. గండి ఎంత చిన్నదైనా, ఆ కంచె మేకలను రెండు మందలుగా విడదీయలేదు.

లెక్కపెట్టి తేల్చే ఉపాయం

కంప్యూటరుకు కళ్లు లేవు. ఒక బిందువు ఆకారం లోపల ఉందో బయట ఉందో దానికి ఎలా తెలుస్తుంది? ఇందుకు చక్కని ఉపాయం ఉంది. మీరు కూడా చేయవచ్చు.

కాగితం మీద మెలికలు తిరిగిన ఒక సంవృత వక్రం గీయండి. పాము చుట్టలాగా ఎంత చిక్కుగా ఉంటే అంత మంచిది. కాని గీత తనను తాను ఖండించుకోకూడదు. నడుమ ఎక్కడో ఒక చుక్క పెట్టండి. ఆ చుక్క నుంచి స్కేలుతో ఒక సరళరేఖను కాగితం అంచుదాకా గీయండి. ఆ రేఖ వక్రాన్ని ఎన్నిసార్లు దాటిందో లెక్కించండి. బేసి సంఖ్య వస్తే చుక్క లోపల ఉన్నట్టు, సరి సంఖ్య వస్తే బయట ఉన్నట్టు.

ఎందుకో ఊహించగలరా? గీతను దాటిన ప్రతిసారీ లోపలి నుంచి బయటికో, బయటి నుంచి లోపలికో మారతాం. కాగితం అంచు ఎలాగూ బయటే. అక్కడ ఆగేసరికి బేసిసార్లు మారామంటే బయలుదేరింది లోపలినుంచే కావాలి. ఒక్క జాగ్రత్త పాటించండి. స్కేలు రేఖ ఏదైనా మూలను తాకీ తాకనట్టు పోతుంటే, లెక్కలో తికమక పడకుండా మరో దిక్కుకు గీయండి.

ఇప్పుడు అసలు తమాషా చూడండి. కుడివైపు కొంచెం తెరచి ఉన్న సున్నా గీయండి. నడుమ చుక్క పెట్టండి. చుక్క నుంచి ఎడమకు రేఖ గీస్తే అది వక్రాన్ని ఒకసారి దాటుతుంది. ఒకటి బేసి, కాబట్టి "చుక్క లోపల ఉంది." అదే చుక్క నుంచి కుడికి, సందు గుండా రేఖ గీస్తే అది వక్రాన్ని దాటనే దాటదు. సున్న సరి సంఖ్య, కాబట్టి "చుక్క బయట ఉంది."

ఒకే చుక్క లోపలా ఉంది, బయటా ఉంది! మూసుకోని గీతతో కంప్యూటరు పడే ఇబ్బంది ఇదే. అది మొండితనంతో పేచీ పెట్టడం లేదు. మనం అడిగిన ప్రశ్నకు జవాబే లేదని చెబుతోంది.

'పాఠశాల'లోని ఠ

"లోపల, బయట తెలియకపోతే కొంప మునిగిందా?" అనవచ్చు మీరు. ఒక ఉదాహరణ చూద్దాం.

మీ బడికి కొత్త పేరు పలక చేయిస్తున్నారనుకోండి. ఆక్రిలిక్ రేకులోంచి 'పాఠశాల' అనే అక్షరాలను విడివిడిగా కోసి, బోర్డుకు అతికించాలి. కోసే యంత్రం కంప్యూటరు చెప్పినట్టు నడుస్తుంది. దాని కొనకు గిరగిర తిరిగే సన్నని కత్తి ఉంటుంది. ఆ కత్తి మందం 3 మిల్లీమీటర్లు అనుకుందాం.

కత్తి మధ్యబిందువు సరిగ్గా గీత మీదే నడిస్తే ఏమవుతుంది? గీతకు అటు 1.5, ఇటు 1.5 మిల్లీమీటర్ల మేర పదార్థం పొడి అయిపోతుంది. అక్షరం చుట్టూ 1.5 మిల్లీమీటర్లు తరిగిపోతుంది. అందుకని అక్షరం సరైన కొలతకు రావాలంటే కత్తి గీతకు 1.5 మిల్లీమీటర్లు బయటగా నడవాలి. అక్షరంలో ఖాళీ కోసేటప్పుడు ఆ ఖాళీకి 1.5 మిల్లీమీటర్లు లోపలగా నడవాలి. అంటే యంత్రానికి ముందు తెలియవలసింది బయట ఏది, లోపల ఏది అన్నదే.

ఇక 'ఠ' అక్షరం చూడండి. తలకట్టును కాసేపు పక్కన పెడదాం. మిగిలినది ఒక వలయం, దాని నడుమ చుక్క. వలయానికి మందం ఉంది కనుక దానికి బయటి అంచు ఒక సంవృత వక్రం, లోపలి అంచు మరొక సంవృత వక్రం. చుక్క అంచు మూడోది. బయటి నుంచి లోపలికి వస్తూ దాటిన గీతలు లెక్కపెట్టండి. ఒకటి దాటితే ఆక్రిలిక్, రెండు దాటితే ఖాళీ, మూడు దాటితే మళ్లీ ఆక్రిలిక్. బేసి అయితే ఉంచు, సరి అయితే తీసెయ్! ఇందాకటి సూత్రమే ఇక్కడ అక్షరాన్ని మలుస్తోంది.

ఈ మూడింటిలో ఒక్క వక్రం మూసుకోలేదనుకోండి. కొన్ని సాఫ్ట్‌వేర్లు దాన్ని ఆకారంగా లెక్కించక వదిలేస్తాయి. మరికొన్ని సరిగ్గా గీత మీదనే కత్తి నడిపిస్తాయి. అప్పుడు 10 మిల్లీమీటర్ల వెడల్పుగా రావలసిన చుక్క 7 మిల్లీమీటర్లకు కుంచించుకుపోతుంది. లోపలి అంచు వదిలేస్తే లెక్క తారుమారవుతుంది: వలయానికీ చుక్కకూ నడుమ ఉండవలసిన ఖాళీ ఆక్రిలిక్‌గా మిగులుతుంది, చుక్క ఉండవలసిన చోట ఖాళీ పడుతుంది. కోసిన రేకు మళ్లీ అతుక్కోదు. కొత్త రేకు కొనవలసిందే. తెరమీద కంటికి ఆనని సందుకు ఇంత ఖరీదు!

ఇక్కడ ఇంకొక సంగతి గమనించండి. 'గ' అక్షరం కింద తెరచి ఉంటుంది కదా, మరి అది వివృత వక్రమా? కలంతో ఒక గీతగా రాస్తే అవును. కాని రేకులోంచి కోసే 'గ'కు మందం ఉంది. ఆ మందం అంచు వెంబడి చీమ నడిస్తే బయలుదేరిన చోటికే తిరిగి వస్తుంది. కాబట్టి కోసే గీత సంవృత వక్రమే. కంప్యూటరులో అచ్చు అక్షరాలు దాదాపు అన్నీ ఇలాగే, మూసుకున్న అంచుగీతలుగానే ఉంటాయి.

కాంతి కలం

కంప్యూటరు తెర మీద గీతలు గీయడం ఎప్పుడు మొదలైంది? 1963లో అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో ఐవాన్ సదర్లాండ్ అనే యువకుడు తన పరిశోధనలో భాగంగా 'స్కెచ్‌ప్యాడ్' అనే ప్రోగ్రాము తయారుచేశాడు. అది టీఎక్స్-2 అనే పెద్ద కంప్యూటరు మీద నడిచేది. తెరకు కాంతి కలం ఆనించి గీతలు గీసేవారు.

మనిషి చెయ్యి వణుకుతుందని, కలం సరిగ్గా బిందువు మీద పడదని సదర్లాండ్‌కు తెలుసు. అందుకని ఒక ఏర్పాటు చేశాడు. కాంతి కలం పాత బిందువుకు దగ్గరగా వస్తే చాలు, కొత్త గీత కొన ఆ బిందువు దగ్గరికే లాగబడుతుంది. సూదంటురాయి దగ్గరికి గుండుసూది తెచ్చినట్టు! పైగా రెండు గీతలు ఒకచోట కలిస్తే అక్కడ రెండు బిందువులు కాక ఒకే బిందువు ఉన్నట్టు కంప్యూటరు గుర్తుంచుకునేది. ఆ బిందువును పక్కకు జరిపితే రెండు గీతలూ దానితోపాటే కదిలేవి.

ఇప్పటి క్యాడ్ సాఫ్ట్‌వేర్లలోనూ ఈ ఏర్పాటు ఉంది. దాన్ని 'స్నాప్' అంటారు. స్నాప్ వాడకుండా కంటి అంచనాతో కొనలు కలపబోవడమే చాలా సందులకు మూలం. తెర మీద బొమ్మను వంద రెట్లు పెద్దది చేసి చూడండి. కలిసినట్టు కనిపించిన కొనలు ఏటికి చెరొక గట్టున నిలబడి ఉంటాయి!

సందులు ఎలా వస్తాయి?

స్నాప్ వాడినా ఒక్కోసారి సందు వస్తుంది. అందుకు కారణం అంకెల్లో ఉంది.

ఒక వేపచెట్టు చుట్టూ గుండ్రని అరుగు కట్టాలనుకుందాం. అరుగు వ్యాసార్థం 1 మీటరు. దాని అంచును 7 సమాన భాగాలుగా చెయ్యాలి. ఒక్కొక్క భాగానికి ఎన్ని డిగ్రీలు? 360ని 7తో భాగించండి. 51.428571... అంటూ ఎప్పటికీ ముగియదు. మనం విసిగి 51.4 అని ఆపేశాం అనుకోండి. ఏడు భాగాలు కలిపితే 359.8 డిగ్రీలే అవుతాయి. 0.2 డిగ్రీలు మిగిలిపోయాయి. 1 మీటరు వ్యాసార్థం ఉన్న వృత్తం అంచున 0.2 డిగ్రీలంటే సుమారు మూడున్నర మిల్లీమీటర్లు. అదే మన సందు!

పోనీ, ఇంకా సూక్ష్మంగా 51.43 తీసుకుందాం. ఏడు రెట్లు 360.01 అవుతుంది. ఈసారి సందు రాలేదు. గీత తన మొదటి కొనను దాటి 0.17 మిల్లీమీటర్లు ముందుకు పోయింది. ఎన్ని దశాంశ స్థానాలు తీసుకున్నా తేడా చిన్నదవుతుందే గాని పూర్తిగా పోదు.

కంప్యూటరు కూడా అంకెలను ఎక్కడో ఒకచోట ఆపక తప్పదు. పైగా అది 0, 1 అనే రెండు అంకెలతోనే లెక్కించే ద్విసంఖ్యామానంలో పనిచేస్తుంది. మనకు మూడింట ఒకటి 0.333... అని ముగియకుండా పోయినట్టే, దానికి పదింట ఒకటి ముగియకుండా పోతుంది. అందుకే చాలా కంప్యూటరు భాషల్లో 0.1కి 0.2 కలిపి, "ఇది 0.3కి సమానమా?" అని అడిగితే "కాదు" అనే జవాబు వస్తుంది. వచ్చిన మొత్తం 0.30000000000000004. పదిహేడో దశాంశ స్థానంలో ఒక 4 మిగిలిపోయింది!

వంపు గీతల సంగతి మరీ చిత్రం. మన అక్షరాల వంపులను కంప్యూటరు చిన్న చిన్న ముక్కలుగా దాచుకుంటుంది. ఒక్కో ముక్కకు తరచుగా నాలుగు బిందువులు ఉంటాయి. మొదటిది, చివరిది గీత కొనలు. నడిమి రెండూ గీతను తమవైపు లాగి వంచుతాయి. ఈ పద్ధతిని ఫ్రాన్స్‌లో కారు రేకుల వంపులు గీయడానికి కనిపెట్టారు. సిట్రోయెన్ కంపెనీలో పోల్ ద కాస్తెల్జో 1959లో దీని మీద పనిచేశాడు. రెనో కంపెనీలో పియర్ బెజియే విడిగా కృషిచేసి దీనికి ప్రచారం తెచ్చాడు. అందుకే వీటిని బెజియే వక్రాలు అంటారు. ఒక ముక్క చివరి బిందువే తర్వాతి ముక్క మొదటి బిందువు కావాలి. పూలదండలో ఒక్క ముడి ఊడినా దండ కాదు కదా, ఇదీ అంతే.

మూసేందుకు మార్గాలు

సందు దొరికింది. ఎలా మూయాలి? ఇందుకు నాలుగు మార్గాలు ఉన్నాయి.

మొదటిది, రెండు కొనల నడుమ చిన్న సరళరేఖ గీయడం. ఆటోక్యాడ్ అనే సాఫ్ట్‌వేరు 1982లో వచ్చింది. అందులో వరుస గీతలను పాలీలైన్ అంటారు. 'క్లోజ్' అనే ఆజ్ఞ ఇస్తే చివరి బిందువు నుంచి మొదటి బిందువుకు తనే గీత గీసి, "ఇది మూసుకున్నది" అని గుర్తు పెట్టుకుంటుంది. మనమే చివరి బిందువును మొదటి బిందువు మీద పెట్టి ఊరుకుంటే ఆ గుర్తు పడదు. లావు గీతతో చతురస్రం గీస్తే తేడా తెలుస్తుంది. క్లోజ్ అన్న చతురస్రానికి నాలుగు మూలలూ నిండుగా ఉంటాయి. ఊరికే తెచ్చి ఆపిన దానికి ఒక మూల కొరికినట్టు ఉంటుంది.

రెండోది, రెండు కొనలనూ ఒకే బిందువుగా కలిపేయడం. సందు మరీ చిన్నదైతే ఇది మేలు.

మూడోది, రెండు గీతలనూ వాటి దారిలోనే పొడిగించి, కలిసే చోట మూల చేయడం. ఇంటి గోడల ప్లానుకు ఇదే తగినది. అడ్డంగా ఒక తునక అతికిస్తే గోడ మూల కోసినట్టు కనబడుతుంది.

నాలుగోది, గీత మితిమీరి ముందుకు పోయినప్పుడు ఎక్కువైన తోకను కత్తిరించడం.

నాలుగూ మూసేవే. కాని నాలుగూ ఒకే ఆకారాన్ని ఇవ్వవు. ఏది సరైనదో కంప్యూటరుకు తెలియదు. గోడ గీస్తున్నామో, చెరువు గట్టు గీస్తున్నామో, ఠలో చుక్క గీస్తున్నామో మనకే తెలుసు.

కొన్ని బొమ్మల సాఫ్ట్‌వేర్లలో మరో మాయ ఉంది. మీ బడి కంప్యూటరులో ఇంక్‌స్కేప్ ఉంటే చూడండి. అది ఉచితంగా దొరుకుతుంది. తెరచి ఉన్న గీతకు రంగు నింపమంటే, సందుకు అడ్డంగా తిన్నని గీత ఉన్నట్టు భావించి రంగు నింపేస్తుంది. చూడటానికి మూసుకున్నట్టే ఉంటుంది. అంచుకు వేరే రంగు ఇచ్చి చూడండి. సందు దగ్గర అంచు ఉండదు. దొంగ దొరికిపోతాడు!

ఎంత దగ్గరైతే కలిసినట్టు?

"ఇంత బాధ ఎందుకు? చిన్న సందులన్నీ నువ్వే మూసెయ్ అని కంప్యూటరుకు చెప్పేస్తే పోలా?" అని మీలో ఎవరో ఒకరు అడుగుతారు. మంచి ప్రశ్న. అలా చెప్పే వీలు నిజంగానే ఉంది. "ఇంత దూరం లోపు ఉన్న కొనలను కలిసినట్టే భావించు" అని ఒక హద్దు ఇవ్వవచ్చు. దాన్ని సహన పరిమితి అందాం.

అయితే హద్దు ఎంత పెట్టాలి? ఒక దువ్వెన గీశారనుకోండి. పళ్ల మధ్య దూరం 1 మిల్లీమీటరు. సహన పరిమితి 1.5 మిల్లీమీటర్లు పెడితే పక్క పక్క పళ్ల కొనలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. సందు మూయబోయి దువ్వెననే పాడుచేసుకుంటాం. మరీ తక్కువ పెడితే అసలు సందు మూసుకోదు. కాబట్టి బొమ్మలో మనం కావాలని ఉంచిన అతి చిన్న ఖాళీ ఎంతో ముందు చూసుకోవాలి. సహన పరిమితి దానికన్నా బాగా తక్కువ ఉండాలి. పొరపాటున వచ్చిన సందుకూ, కావాలని ఉంచిన ఖాళీకీ తేడా చెప్పగలవాడు గీసినవాడే.

పొలం చుట్టూ నడక

కంప్యూటర్లు పుట్టకముందే ఈ చిక్కు ఎరిగినవారు ఒకరున్నారు. వారు భూమి కొలిచే సర్వేయర్లు.

ఇంగ్లండులో ఎడ్మండ్ గంటర్ 1620లో ఒక కొలత గొలుసు తయారుచేశాడు. పొడవు 66 అడుగులు, అందులో 100 లింకులు. మన దేశంలోనూ ఇలాంటి గొలుసులతో భూములు కొలిచారు. పది చదరపు గొలుసులు ఒక ఎకరం. అందులో నూరో వంతు సెంటు. మీ తాతగారు "ముప్పై సెంట్ల మడి" అంటే ఈ లెక్కే.

సర్వేయరు పొలం చుట్టూ నడుస్తూ ఒక్కొక్క గట్టు పొడవు, దిక్కు రాసుకుంటాడు. చివరికి బయలుదేరిన రాయి దగ్గరికే వస్తాడు. పాదాలు రాయిని తాకాయి. కాని ఆ కొలతలను కాగితం మీద గీస్తే చివరి గీత మొదటి బిందువు దగ్గర కలవదు! నేల మీద మూసుకున్న పొలం కాగితం మీద తెరచుకుంది. ఈ తేడాను మూసివేత దోషం అంటారు.

అప్పుడేం చేయాలి? చివరి గట్టును కాస్త లాగి అతికిస్తే సరిపోతుందా? అది అన్యాయం. తప్పు అన్ని గట్ల కొలతల్లోనూ కొంచెం కొంచెం ఉండవచ్చు. శిక్ష అంతా చివరి గట్టుకే వేయకూడదు. 1808లో అమెరికాకు చెందిన నథానియేల్ బౌడిచ్ ఒక న్యాయమైన పద్ధతి చెప్పాడు. తేడాను అన్ని గట్లకూ వాటి పొడవును బట్టి పంచాలి. పొలం చుట్టుకొలత 400 మీటర్లు, తేడా 40 సెంటీమీటర్లు అనుకోండి. 100 మీటర్ల గట్టుకు 10 సెంటీమీటర్లు, 50 మీటర్ల గట్టుకు 5 సెంటీమీటర్లు సవరణ వస్తుంది.

కాని తేడా 40 సెంటీమీటర్లు కాక 14 మీటర్లు వస్తే? అప్పుడు పంచడం తప్పు. ఎక్కడో గొలుసు లెక్క తప్పింది, లేదా అంకె తప్పు రాశారు. మళ్లీ వెళ్లి కొలవాలి. మూసుకోని గీత ఇక్కడ మేలు చేసింది. తప్పు జరిగిందని ముందే హెచ్చరించింది. దాన్ని బలవంతంగా మూసేస్తే తప్పు కాగితంలో దాగిపోతుంది. రేపు అన్నదమ్ముల మధ్య తగాదాగా బయటపడుతుంది.

వైశాల్యం లెక్కకూ గీత మూసుకోవాలి. గళ్ల కాగితం మీద (1,1), (9,1), (7,5), (3,5) బిందువులు గుర్తించి వరుసగా కలపండి. ఇప్పుడు ప్రతి జతకూ ఇలా చేయండి. మొదటి బిందువు అడ్డం కొలతను రెండో బిందువు నిలువు కొలతతో గుణించండి. అందులోంచి రెండో బిందువు అడ్డం కొలత, మొదటి బిందువు నిలువు కొలతల లబ్ధాన్ని తీసివేయండి. మొదటి జతకు -8, తర్వాత 38, ఆ తర్వాత 20 వస్తాయి. చివరి బిందువు నుంచి మొదటి బిందువుకు తిరిగి వచ్చే జతకు -2 వస్తుంది. మొత్తం 48. అందులో సగం 24. ఇది ట్రెపీజియం. మీకు తెలిసిన సూత్రంతో సరిచూసుకోండి, 24 చదరాలే వస్తాయి. మూసే జతను మరిచిపోతే? 50లో సగం 25. పొలానికి లేని ఒక చదరం పుట్టుకొచ్చింది!

కాగితం నుంచి ఘనాకారానికి

ఇప్పుడు ముద్రణ యంత్రాలు ఘనాకారాలను కూడా పొర మీద పొర వేసి తయారుచేస్తున్నాయి. వీటికి బొమ్మను పంపే ఒక పద్ధతి 1980ల చివర్లో వచ్చింది. దాని పేరు ఎస్టీఎల్. అందులో వస్తువు ఉపరితలాన్ని చిన్న చిన్న త్రిభుజాలుగా చూపుతారు. ఇక్కడ గీతకు బదులు ఉపరితలం మూసుకోవాలి. నీరు పోస్తే కారని కుండలా ఉండాలి.

అలా ఉందో లేదో ఎలా తెలుస్తుంది? ప్రతి అంచునూ సరిగ్గా రెండు త్రిభుజాలు పంచుకోవాలి. ఒక ఘనానికి ఆరు ముఖాలు. ఒక్కో ముఖాన్ని రెండు త్రిభుజాలుగా కోస్తే 12 త్రిభుజాలు. వాటి భుజాలు మొత్తం 36. ఒక్కో అంచుకు రెండేసి చొప్పున 18 అంచులు. ఘనానికి ఉన్న 12 అంచులు, మనం కోసిన 6 కర్ణాలు కలిపితే 18! లెక్క సరిపోయింది. ఏదైనా అంచుకు ఒక్క త్రిభుజమే ఉంటే, అక్కడ చిల్లు ఉన్నట్టే.

చేసి చూడండి

1. గళ్ల కాగితం మీద కొన్ని గళ్లను నల్లచేసి ఒక ప్రహరీ కట్టండి. లోపలి ఒక గడికి రంగు వేయండి. దాని పైన, కింద, కుడి, ఎడమ ఉన్న తెల్లగళ్లకు రంగు వేస్తూ పొండి. కంప్యూటరు రంగు నింపేది ఇలాగే. ఇప్పుడు ప్రహరీలో ఒక్క గడిని చెరిపి మళ్లీ చేయండి. రంగు ఎక్కడిదాకా పోయింది?

2. ప్రహరీ గళ్లు ఒకచోట మూలల దగ్గర మాత్రమే తాకేలా కట్టండి. నాలుగు దిక్కుల నియమంతో రంగు కారుతుందా? ఏటవాలుగా కూడా పోవచ్చంటే కారుతుందా?

3. పెద్ద అచ్చులో ఉన్న మీ పేరు తీసుకోండి. ప్రతి అక్షరం అంచు వెంబడి పెన్సిలు నడిపి, ఎన్ని సంవృత వక్రాలు ఉన్నాయో లెక్కించండి. అచ్చును బట్టి జవాబు మారవచ్చు.

4. నలుగురు స్నేహితులు కలిసి ఆటస్థలం చుట్టూ అడుగులతో కొలిచి, దిక్సూచితో దిక్కులు రాసుకుని, కాగితం మీద గీయండి. మీ గీత ఎంత తేడాతో ఆగింది? ఆ తేడాను పంచవచ్చా, లేక మళ్లీ కొలవాలా? మీలో మీరే తేల్చుకోండి.

చివరగా, మొదట చుట్టిన సున్నాను మళ్లీ ఒకసారి భూతద్దంలో చూడండి. ఆ సందును ఇప్పుడు ఏ మార్గంలో మూస్తారు? ఎందుకు?